రిమార్కుల గడిలో గీసిన బొమ్మ

మొన్న అమ్మ రిటైర్మెంటు కాగితాల కోసం మంచం కింది ఇనప్పెట్టె లాగి మూత తీస్తే ముందుగా ముక్కుకి తగిలింది ఇన్సులేషన్ టేపు వాసన. కరెంటు తీగలకి చుట్టే ఎర్ర టేపు. ఎండకి మెత్తబడి, జిగురు కారి, ఏసీ చలికి మళ్ళీ బిగుసుకుపోయిన ఆ టేపుకి రబ్బరూ కిరసనాయిలూ కలిసినట్టుండే ఒక వాసన ఉంటుంది. మిగతావాళ్ళకి అది ఎలక్ట్రికల్ షాపు వాసనే కావచ్చు. నాకు మాత్రం భయం వాసన. పాతికేళ్ళు నిండాయి, సౌదీలోని ఈ జిజాన్‌లోనే ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా రోజూ జనం మోకాళ్ళు వంచి నిటారు చేస్తున్నాను, నా కారు నేనే నడుపుకుంటున్నాను; అయినా ఆ పెట్టె ముందు నేల మీద చతికిలబడి, అట్టలకి టేపు చుట్టిన ఆ పొడుగాటి స్కోరు పుస్తకం చేతిలోకి తీసుకునేసరికి గది తలుపు వేసి ఉందో లేదో వెనక్కి తిరిగి చూసుకున్నాను.

అది నాన్న పుస్తకం. ఆయన పాలకొల్లులో రైసుమిల్లు గుమస్తాగా ఉండగా అమ్మకి ఇక్కడి ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. రెండేళ్ళ తర్వాత ఆమె ఇకామా కింద నాన్నా నేనూ వచ్చాం. ఇక్కడ ఉండనిచ్చే ఆ గుర్తింపు కార్డు మీద, నాన్న ఫొటో పక్కనే, పని చేయడానికి అనుమతి లేదని అరబీలో అచ్చువేసి ఉండేది. ముత్యాల్లాంటి దస్తూరీ ఉన్న మనిషికి రాయడానికి ఏమీ లేకుండా పోయింది. అన్నం వండేవాడు, నాకు రెండు జడలు వేసేవాడు, ఒకటి పైకీ ఒకటి కిందికీ వచ్చేవి. శుక్రవారం పొద్దున మాత్రం చొక్కా ఇస్త్రీ చేసుకుని, జేబుకి రెండు పెన్నులు తగిలించుకుని, నన్ను వెంటబెట్టుకుని గోదావరి ఎలెవన్ అనే క్రికెట్ జట్టుకి స్కోరు రాయడానికి బయల్దేరేవాడు. అమ్మకి శుక్రవారాలు డ్యూటీ ఉండేది, నన్ను ఒంటరిగా వదలడానికి లేదు.

ఇక్కడ మా ఊళ్ళో ఏడాదంటే అన్నిటికంటే ముందు దుమ్ము. జూన్ నెలనుంచి ఘుబ్రా అనే గాలి లేచి, కిటికీ సందుల్లోంచి, తలుపు కిందనుంచి, ఆఖరికి ఫ్రిజ్ రబ్బరు పట్టీలోంచి కూడా దూరి, అన్నం మెతుకుల మధ్య కరకరమనేది. అంతకుముందే మామిడిపళ్ళ రోజులు వచ్చి వెళ్ళిపోయేవి. పక్కనున్న సబ్యా ఊరి తోటల పళ్ళని అమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని, "బావుందిగానీ మన బంగినపల్లి కాదు" అని ప్రతి ఏడూ అదే మాట అని, ప్రతి ఏడూ రెండు పెట్టెలు కొనేది. రోడ్డు పక్కన తెల్ల లుంగీల ముసలివాళ్ళు బొండుమల్లెల్లాంటి పూలదండలు తడిబట్ట కింద పెట్టుకుని అమ్మేవాళ్ళు. దుమ్ము తగ్గి, సముద్రం మీంచి కాస్త ఊపిరాడే గాలి మొదలయ్యాక మాకు పండగలు రెండు: ఒకటి క్రికెట్టు, రెండోది క్రిస్మస్.

ఇక్కడ వేరే మతం పండగలు బయటికి తెలియకూడదు కనుక క్రిస్మస్ వంటలు కిటికీలు మూసి వండుకునేవాళ్ళం. గులాబీ పువ్వుల అచ్చు నూనెలో ముంచగానే లేచే ఆ కమ్మటి వాసన మెట్లు దిగి వాకిట్లోకి పోకుండా తలుపు కింద తడి తువ్వాలు కుక్కేది అమ్మ. నక్షత్రం పడగ్గదిలో బీరువా పక్కన వేలాడేది, దానికి దీపం ఉండేది కాదు. పాటలు పెదాలతో పాడుకునేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళు వచ్చేదాకా దేవుడికి గట్టిగా వినిపించకూడదనే అనుకున్నాను. బయటికి అడుగుపెడితే అమ్మ చెప్పే మాట ఒక్కటే: "నోరు జాగర్త అమ్మలూ. నీ నోటెంట మాటొస్తే మీ నాన్న ఇమానం ఎక్కాలి." ఏ మాట అని అడిగితే చెప్పేది కాదు. దాంతో అన్ని మాటలకీ భయపడేదాన్ని. స్కూల్లో టీచరు మీ నాన్నేం చేస్తారని అడిగినా, బస్సు డ్రైవరు సలామ్ చెప్పినా తల వంచుకుని నా చెప్పులు చూసుకునేదాన్ని. పిరికిదానిగా పుట్టలేదుగానీ చాలా శ్రద్ధగా తయారుచేశారు నన్ను.

భయం లేనిది ఒక్క గ్రౌండులోనే. గ్రౌండంటే ఏమీ కాదు, ఊరి చివర సముద్రానికి కాస్త ఇవతల చదునుగా ఉన్న గులకరాళ్ళ మైదానం. మధ్యలో పాత కార్పెట్టు పరిచి నాలుగు మూలలా మేకులు కొట్టేవాళ్ళు. టెన్నిస్ బంతికి ఎర్ర టేపు బిగించి చుడితే అది క్రికెట్ బంతి. ఆ టేపు చుట్టడంలో రాజన్న బాబాయిని మించినవాడు లేడు. జగిత్యాల దగ్గరి పల్లెవాడు, ఏసీ మెకానిక్, మా కెప్టెన్. అతను టేపు పంటితో కొరికి తెంపి, బంతిని చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు, ఏం వినిపించేదో మరి. మా వైస్ కెప్టెన్ కోటేశు అంకుల్ గుంటూరు వైపు మనిషి, అమ్మ ఆస్పత్రిలోనే ల్యాబ్ టెక్నీషియన్. జట్టుకి గోదావరి పేరు పెట్టిన రోజున ఆ నది ముందు ఎవరిదనే దాని మీద పెద్ద రగడ జరిగిందట. మా దగ్గరికొచ్చాకే మీకొస్తదని రాజన్న బాబాయి తేల్చేశాడట.

ఆటకి ముందు తెల్లవారుతుండగానే చేరేవాళ్ళం, జుమ్మా నమాజుకి ముందే కార్పెట్టు చుట్టేసేవాళ్ళం. మధ్యలో ఒక జట్టు బ్యాటింగ్ అయ్యాక అరగంట టీ. నాన్న చేసిన ఉప్మా, ఎవరో తెచ్చిన ఖుబ్జు రొట్టెలు, ఉల్లిపాయ పచ్చడి, ఫ్లాస్కుల్లో అల్లం టీ. ఆ అరగంటా రాజకీయాలే. వాటికీ జట్టులో ఒక కట్టుబాటు ఉండేది. మన రాష్ట్రం ఊసెత్తకూడదు. ఒకసారి ఎత్తితే విడిపోవడం గురించి మాటా మాటా పెరిగి బ్యాట్లు లేచాయట, రెండు వారాలు ఆట లేదట. ఇక్కడి రాజుల సంగతి అసలే ఎత్తకూడదు. ఇక మిగిలింది అమెరికా. పైగా నాకు తొమ్మిదేళ్ళున్న ఆ ఏడాది అక్కడ ప్రెసిడెంటు ఎన్నికలు. ఆ దేశం ముఖం చూడనివాళ్ళు, ఎప్పటికీ చూడబోనివాళ్ళు, అక్కడి ఏ రాష్ట్రం ఎటు మొగ్గుతుందో పిచ్ రిపోర్టు చెప్పినంత ధీమాగా చెప్పుకునేవాళ్ళు.

"కొత్తోడు గెలుస్తడు, రాసి పెట్టు సత్తెన్నా" అని రాజన్న బాబాయి.

"ఏందయ్యా గెలిచేది? ముసలాయన యుద్ధం చూసినోడు, ఆయన్ని కాదంటారా?" అని కోటేశు అంకుల్.

నాన్న నిజంగానే రాసిపెట్టేవాడు. స్కోరు పుస్తకంలో ప్రతి పేజీకీ కుడివైపు రిమార్కులని ఒక పొడుగాటి గడి ఉంటుంది. బంతి పోయింది, వెలుతురు చాల్లేదు అని రాసుకునే చోటు. నాన్న అందులో ఎవరు ఏ జోస్యం చెప్పారో పేరుతో సహా ఎక్కించేవాడు, ఫలితం వచ్చాక మాట మార్చకుండా. ఓడినవాళ్ళు జట్టు మొత్తానికీ టిఫిను పట్టుకురావాలి. "ఈ ఊళ్ళో మన తెలుగు చదివేదెవడులే" అనేవాడు ధైర్యంగా. ఆ గడుల్లో మా నాన్న సరదా మనిషి. ఇంట్లో అంతగా కనిపించని నాన్న.

ఆ సీజన్లో గోదావరి ఎలెవన్ ఓడిందే లేదు. వరసగా ఆరు గెలిచింది. ఏడోది, ఎప్పుడూ కప్పు ఎత్తుకుపోయే పఠాన్ డ్రైవర్ల జట్టుతో. అమెరికాలో ఎన్నికలు ఇంకో నాలుగు రోజుల్లో. టీ దగ్గర కోటేశు అంకుల్ తనకి తెలిసిందంతా విప్పుతున్నాడు: ఎంత గొప్ప ప్రెసిడెంటైనా సరే, ఎనిమిదేళ్ళు నిండితే కుర్చీ దిగి ఇంటికి పోవాల్సిందే, అది అక్కడి చట్టం. రాజన్న బాబాయి ఉప్మా ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపాడు.

"ఎంత మొనగాడైనా కుర్సీ ఇడిసి పోవాల్నా? మరి ఈడనో?"

అందరూ పగలబడి నవ్వారు. నవ్వు మధ్యలోనే తెగిపోయింది, ఎవరో దగ్గారు, ఎవరో టీ పొయ్యమన్నారు. నాన్న మాత్రం చేతి అలవాటు కొద్దీ ఆ మాట గడిలో రాసేసి టీ గ్లాసులు సర్దడానికి లేచాడు. ఐసుపెట్టె మీద కూర్చున్న నాకు ఆ మాట తెగ నచ్చింది. ఎవరికీ కనిపించకుండా పుస్తకం ఒళ్ళోకి లాక్కుని, నా రంగు పెన్సిళ్ళతో ఆ మాట పక్కనే బొమ్మ వేశాను. పైన చారల జెండా, దాని కింద సూట్‌కేసు పట్టుకుని కుర్చీ దిగిపోతున్న మనిషి. దాని కింద ఇంకో పెద్ద కుర్చీ. అందులో ఎర్ర గళ్ళ తలగుడ్డ, దాని మీద నల్ల తాడు చుట్ట, గడ్డం. ఎవరి ముఖమూ కాదు, మా బిల్డింగు గేటు దగ్గర కూర్చునే ముసలి కాపలాదారు ముఖం. నాకు వెయ్యడం వచ్చిన గడ్డం అదొక్కటే. కుర్చీ కోళ్ళ మధ్య సాలెగూడు కూడా పెట్టాను. సాలెగూడు చాలా బాగా కుదిరిందని మురిసిపోయాను, ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

చివరి ఓవరు. ఎనిమిది పరుగులు కావాలి. నాలుగు బంతులయ్యేసరికి అయిదు వచ్చాయి, ఇంకా మూడు. అప్పుడు దుమ్ము రేపుకుంటూ పోలీసు జీపు వచ్చి కార్పెట్టు పక్కనే ఆగింది. ఇద్దరు దిగారు. చిన్నవాడికి నూనూగు మీసం, నవ్వు ముఖం. ఇంతమంది ఎందుకు చేరారు, అనుమతి ఏదని అడిగాడు. అందరూ ఇకామాలు తీసి చేతుల్లో పట్టుకుని వరసగా నిలబడ్డారు, సిక్సర్లు కొట్టే మగాళ్ళు బళ్ళో పిల్లల్లా. ఆ పోలీసు నాన్న చేతిలోని పుస్తకం తీసుకుని, తలకిందులుగా తిప్పి, మా గుండ్రటి అక్షరాలు చూసి నవ్వాడు. నాన్న కూడా నవ్వి, "క్రికెట్, సార్. స్కోర్" అన్నాడు. పేజీ మీద వేలు కుడివైపుకి జరిగింది. నవ్వు పోయింది. తెలుగు అతనికి రాదు. బొమ్మకి తెలుగు అక్కర్లేదు కదా.

"మీన్ హాదా?" అన్నాడు, ఎవరితను అని, గళ్ళ తలగుడ్డ మీద వేలు పెట్టి.

టీ అయ్యాక పరుగుల గళ్ళ మీదే కళ్ళు పెట్టిన నాన్న ఆ బొమ్మ చూడటం అదే మొదటిసారి. ముఖంలో రక్తం లేదు. ఎవరు గీశారని రెండో పోలీసు అడిగాడు. నా పెన్సిళ్ళ డబ్బా ఒళ్ళో ఉంది. నేను దాన్ని గౌను కింద దాచేశాను. రాజన్న బాబాయి నా వైపు ఒకసారి చూసి వెంటనే తల తిప్పుకున్నాడు.

"అనా" అన్నాడు నాన్న. నేనే.

పుస్తకాన్నీ నాన్న ఇకామానీ వాళ్ళు తీసుకెళ్ళారు. శనివారం పొద్దున స్టేషన్‌కి రమ్మన్నారు. ఇకామా లేకుండా ఇంటిదాకా రావడం ఎలాగని భయపడి రాజన్న బాబాయి తన వ్యానులో ఏసీ డబ్బాల మధ్య మమ్మల్ని కూర్చోబెట్టి తీసుకొచ్చాడు. దిగేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, "నా నోరే పాడుగాను బిడ్డా, నీ తప్పేం లేదు" అన్నాడు. అంటే అతనికి తెలుసు. ఆ మాటతో నా భయం ఇంకా పెరిగింది.

అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, విన్నదంతా విని, ఏడవలేదు, అరవలేదు. యూనిఫాం కూడా మార్చకుండా బైబిలూ పాటల పుస్తకమూ తీసి బియ్యం డబ్బాలో అడుగుకంటా దింపి, గులాబీ పువ్వుల అచ్చుని ఉప్పు జాడీలో దాచి, నాన్న బట్టలు ఒక సంచిలో సర్దడం మొదలుపెట్టింది. రెండు లుంగీలు, మూడు చొక్కాలు, షుగరు మాత్రలు.

"ఏమండీ, తర్‌హీల్ అంటే తిండి సరిగా పెట్టరంట. మాత్రలు జేబులో ఉంచుకోండి."

తర్‌హీల్ అంటే దేశం నుంచి పంపించేసే ముందు ఉంచే చోటని అంతకు ముందే నాకు తెలుసు, మా బిల్డింగులో ఒకతన్ని అలా తీసుకెళ్ళారు. పంపించేస్తే నాన్న మళ్ళీ రావడానికి లేదు, ఎన్నేళ్ళో కూడా తెలియదు. అమ్మ కాంట్రాక్టు మధ్యలో వదలడానికి లేదు. నాన్న అక్కడా, మేమిక్కడా. అదంతా నేను గీసిన సాలెగూడు వల్ల. ఎరుపు, నలుపు పెన్సిళ్ళు రెండూ విరిచి బాల్కనీ లోంచి పారేశాను. పోలీసులకి దొరుకుతాయేమోనని భయమేసి మళ్ళీ కిందికి పరిగెత్తి, ఆ ముక్కలన్నీ ఏరుకొచ్చి నా సాక్సులో దాచుకున్నాను. నేనే గీశానని చెప్పాలని మూడుసార్లు అమ్మ దగ్గరికి వెళ్ళాను. మూడుసార్లూ మంచినీళ్ళడిగి తాగి వచ్చేశాను.

శనివారం నన్ను స్కూలుకి పంపేశారు. ఆ రోజు పాఠాలేమిటో గుర్తులేవు. విమానం చప్పుడు వినిపించినప్పుడల్లా అందులో నాన్న ఉన్నాడేమోననుకున్నాను. మధ్యాహ్నం బస్సు దిగి మెట్ల దగ్గరే ఆగిపోయాను. గుమ్మం ముందు నాన్న చెప్పులుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. చూసేదాకా రెండూ కానట్టు. గోడకి వీపు ఆనించి ఎంతసేపు నిలబడ్డానో. పైనించి చేపల పులుసు వాసన వచ్చింది. మా ఇంటిదే. నాన్న లేకపోతే అమ్మ చేపలు వండదు. అప్పుడు పరిగెత్తాను.

నాన్న కంచం ముందున్నాడు, పుస్తకం బల్ల మీద ఉంది. స్టేషన్‌లో పెద్ద ఆఫీసరు చాలాసేపు బొమ్మ చూసి, గీసింది నువ్వేనా అని అడిగాడట. నేనే అన్నాడట నాన్న. అయితే మళ్ళీ గియ్యమని తెల్లకాగితం, పెన్ను చేతికిచ్చాడట. దస్తూరీ ముత్యాలే గానీ బొమ్మలంటే నాన్నకి సున్నా రాయడమే వచ్చు. గీసి ఇచ్చింది వంకాయకి కాళ్ళు మొలిచినట్టు ఉందట. ఆఫీసరు నవ్వు ఆపుకోలేక పక్క గదిలోవాళ్ళని పిలిచి చూపించాడట. తర్వాత నవ్వు మాని, పిల్లకి ఎన్నేళ్ళు అని అడిగాడట. తనకీ ఆడపిల్లలున్నారని చెప్పి, స్కేలు పెట్టి ఆ గడి మేరకే చింపి జేబులో పెట్టుకుని, జట్టు తరఫున ఇక గుంపులుగా చేరబోమని కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఇకామా తిరిగిచ్చాడట.

"అది మీరు గీశారా?" అంది అమ్మ. "మీకు బొమ్మలెప్పుడొచ్చాయండీ?"

"ఈ మధ్యే నేర్చుకున్నాలే" అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా, ముల్లు తీసిన చేపముక్క నా కంచంలో వేస్తూ.

అంతటితో అయిపోయిందనుకున్నాను. సంతకం పెట్టినవాళ్ళకి గ్రౌండు లేదు కనుక మిగిలిన ఆటలన్నీ ఆడకుండానే ఓడిపోయింది గోదావరి ఎలెవన్. కప్పు పఠాన్‌ల వ్యాన్ల మీద ఊరేగింది. అమెరికాలో ఎవరు గెలిచారో ఆ వారమే తెలిసింది, రాజన్న బాబాయి జోస్యమే నిజమైంది. టిఫిను ఎవరూ అడగలేదు, ఎవరూ తేలేదు. మరుసటి ఏడు వేరేచోట ఆట మొదలైనా టీ దగ్గర బ్యాట్ల గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ తప్ప మాటల్లేవు. కొన్నాళ్ళకి రాజన్న బాబాయి ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఊరు వెళ్ళిపోయాడు. ఇంట్లో టీవీలో వార్తలు రాగానే నాన్న ఛానెల్ మార్చేవాడు. నన్ను తిట్టలేదు, అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పటిదాకా చెప్పలేదు.

మొన్న ఆ పుస్తకం పేజీలు తిప్పాను. ఆ శుక్రవారం పేజీకి కుడి అంచు లేదు. చివరి ఓవరులో నాలుగు బంతుల అంకెలున్నాయి, ఆ తర్వాత రెండు గళ్ళు ఖాళీ. అక్కడినుంచి పుస్తకం చివరిదాకా ముత్యాల్లాంటి అంకెలే. రిమార్కుల గడుల్లో ఒక్క అక్షరం లేదు.

ఈ శుక్రవారం నాన్నని కారులో ఆటకి తీసుకెళ్ళాను. ఇప్పుడు అనుమతి ఉన్న లీగ్, పచ్చటి చాప మీద పిచ్, రంగురంగుల జెర్సీలు, స్కోరు ఫోనులోనే రాస్తారు. కార్పెట్టు లేదు, ఎర్ర టేపు లేదు, ఐసుపెట్టె మీద కూర్చునే పిల్లలూ లేరు. మన నర్సమ్మాయిలు గట్టిగా ఈలలు వేస్తున్నారు. అమెరికాలో మళ్ళీ ప్రెసిడెంటు ఎన్నికల కాలం. మా ముందు వరసలో కుర్రాళ్ళు ఎవరు గెలుస్తారు, మన జట్టు ఈ సీజన్ సెమీస్ చేరుతుందా లేదా, రెండూ కలగలిపి కేకలేసుకుంటున్నారు. జీపులూ లేవు, వినేవాళ్ళూ లేరు. అందులో ఒక కుర్రాడు వెనక్కి తిరిగి, "మీరేమంటారు అంకుల్, ఎవరు గెలుస్తారు?" అన్నాడు. నాన్న గ్రౌండు చుట్టూ ఒకసారి చూసి, వినబడనట్టు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మీరు చెప్పండక్కా" అన్నాడు ఆ అబ్బాయి.

నాకు చెప్పాలనే ఉంది. నా అభిప్రాయం నాకుంది, దాంతో ఎవరికీ వచ్చే నష్టమూ లేదు. నోరు తెరిచాను. నాన్న చెయ్యి వచ్చి నా మోచేతిని పట్టుకుంది. గట్టిగా.

"ఇంకా ఎన్ని బంతులున్నాయి తమ్ముడూ?" అన్నాను.

"రెండున్నాయక్కా" అని అతను ఆట వైపు తిరిగాక గానీ నాన్న ఆ చెయ్యి తియ్యలేదు.